‘ముందే తెలుసు’ అనేవాళ్ళు కాగితాలు అడగాలి



సరిహద్దులో ఎప్పుడు దాడి జరిగినా మా ప్యాపిలి టీ అంగళ్ళలో ఒకటే మాట: “పైనోళ్ళకు ముందే తెలుసప్పా, కావాలనే జరగనిచ్చినారు.” ఇప్పుడది సెల్‌ఫోన్లలో వీడియోలై తిరుగుతోంది. చదువుకున్న పిల్లలు కూడా నమ్ముతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మన కోస్తాలో జరిగిందే చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అంతకు రెండు రోజుల ముందే సిలోన్ నుంచి గస్తీకి వెళ్ళిన విమానం జపాన్ నౌకాదళాన్ని చూసి, తనను కూల్చేలోగా వైర్‌లెస్‌లో కబురు పంపింది. 5న కొలంబో మీద దాడి జరిగింది. ఇంత తెలిసీ తెల్లదొరలు విశాఖను గాలికొదిలేశారని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ విమానం చూసింది జపాన్ అడ్మిరల్ నగుమో నౌకలను. మన తీరానికి వచ్చింది ఇంకో అడ్మిరల్ ఒజావా నడిపిన వేరే దళం. బంగాళాఖాతంలో ఇరవైకి పైగా ఓడలను ముంచింది కూడా అదే. ప్రమాదం ఉందని దొరలకు తెలుసు. తెలిసినా ఆ దళాన్ని ఎదిరించే బలం అప్పుడు ఆ సముద్రంలో వాళ్ళకు లేదు. అది చేతగానితనం. దానికి నిలదీయాల్సిందే. కుట్ర అనడానికి మాత్రం ఆధారం లేదు.

అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడి సంగతీ అంతే. జపాన్ దౌత్య సందేశాలను అమెరికా రహస్యంగా చదివిన మాట నిజం. కానీ ఫలానా రోజు పెర్ల్ హార్బర్ మీద పడతామని వాటిలో లేదు.

ఇక మన సరిహద్దుకు వద్దాం. కార్గిల్ యుద్ధంలో 527 మంది జవాన్లు పోయారు. మన హైదరాబాదు మేజర్ పద్మపాణి ఆచార్య వాళ్ళలో ఒకరు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెవిన “కావాలనే చంపించారు” అన్న మాట పడితే ఆమె ఏమైపోతుంది? రుజువు లేకుండా ఆ మాట అనడం పాపం. ఆ యుద్ధం మీద ప్రభుత్వం కె. సుబ్రహ్మణ్యం కమిటీని వేసింది. చొరబాటును ఎవరూ ఊహించలేదనీ, నిఘాలో లోపాలున్నాయనీ కమిటీ రాసింది. కొన్ని భాగాలు దాచినా, 2000లో ఆ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. కాబట్టి వాదించడానికి మనకొక కాగితం ఉంది.

1962 చైనా యుద్ధానికి అలాంటి కాగితమూ లేదు. ఆ ఓటమి మీద సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్ 1963లో ఇచ్చిన నివేదికను ఏ పార్టీ ప్రభుత్వమూ అధికారికంగా బయటపెట్టలేదు. ఎవరికి ఏ హెచ్చరిక అందింది, అందాక ఏం చేశారు అన్నది జనం చదవాలి. మన రాయలసీమ ఎంపీలు పార్లమెంటులో ఆ నివేదిక కోసం పట్టుబట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ప్యాపిలి, నంద్యాల జిల్లా