ఇనుము ఉంది, హీమ్ లేదు

లాగ్ చూడకుండా ప్రొడక్షన్ సర్వర్ మీద చెయ్యి వేయని మనం, రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువని కనబడగానే మాత్రం షాపుకెళ్ళి ఐరన్ మాత్రల డబ్బా తెచ్చేసుకుంటాం. ఇది మంచి అలవాటు కాదని నా అభిప్రాయం. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ సైన్సు చదువుకున్నవాణ్ణి. అందుకే మనకి అలవాటైన భాషలోనే చెబుతాను.

హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్‌ని పట్టుకునే భాగం పేరు హీమ్. దాని తయారీ ఎనిమిది అంచెల పైప్‌లైన్. మొదటి అంచె కణంలోని మైటోకాండ్రియాలో, తరవాతి నాలుగు దాని బయట, చివరి మూడు మళ్ళీ లోపల జరుగుతాయి. మొదటి అంచెలో గ్లైసీన్, సక్సినైల్ కో-ఎ కలుస్తాయి. ఎర్ర కణాల్లో ఈ పని చేసే ఎంజైము ఏఎల్ఏఎస్2. దానికి బి6 విటమిన్ తోడుండాలి. ఇనుము వచ్చి చేరేది ఆఖరి అంచెలో.

మొదటి అంచె దెబ్బతింటే ఏమవుతుంది? ఇనుము వస్తూనే ఉంటుంది, దాన్ని ఇముడ్చుకోవలసిన చట్రం తయారు కాదు. తీసుకునేవాడు లేని క్యూలాగా ఇనుము మైటోకాండ్రియాలో పేరుకుపోతుంది. ఎముక మూలుగకి నీలం రంగు పట్టించి మైక్రోస్కోపులో చూస్తే, ఎదుగుతున్న ఎర్ర కణాల కేంద్రకం చుట్టూ ఇనుప రేణువులు ఉంగరంలా కనిపిస్తాయి. ఇదే సిడరోబ్లాస్టిక్ ఎనీమియా.

ఏఎల్ఏఎస్2 జీను ఎక్స్ క్రోమోజోము మీద ఉంది కనక ఈ వంశపారంపర్య రకం మగవాళ్ళలో ఎక్కువ. ఆ జీనులో లోపాన్ని 1992లో గుర్తించారు. వీళ్ళలో కొందరికి బి6 ఇస్తే గుణం కనిపిస్తుంది. మద్యం వల్లా, క్షయకి వాడే ఐసోనియజిడ్ వల్లా, రాగి లోపం వల్లా కూడా ఈ జబ్బు రావచ్చు.

ఇది అరుదైన జబ్బే. రక్తహీనత ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి నిజంగానే ఇనుము లోపం ఉంటుంది. కాని ఇనుము లోపంలోనూ, ఈ వంశపారంపర్య రకంలోనూ, తలసీమియా వాహకుల్లోనూ ఎర్ర కణాలు చిన్నవిగా, పాలిపోయి ఉంటాయి. ఎర్రర్ మెసేజ్ ఒకటే, బగ్‌లు మూడు! ఇక్కడ మనకి లాగ్ లాంటిది ఫెరిటిన్ పరీక్ష. ఇనుము లోపంలో అది తగ్గుతుంది, సిడరోబ్లాస్టిక్‌లో సాధారణంగా పెరుగుతుంది. ఇప్పటికే ఇనుము నిండిన ఒంట్లోకి ఇంకా ఇనుము పోస్తే కాలేయం, గుండె దెబ్బతింటాయి.

కాబట్టి మాత్ర మింగేముందు "ఫెరిటిన్ ఎంత?" అని డాక్టర్ని అడగండి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి ఫోనులో మందు చెప్పేముందు కూడా అడగండి. ఇది చదివి బి6 సొంతంగా మొదలుపెట్టకండి, మోతాదు మించితే అదీ నరాలకి చేటే.