ప్లగ్గు మార్చే ముందు ఒకసారి ప్లగ్గును చూడండి

ఇయ్యాల పంట గురించి కాదు, మన తైవాన్ పంపులో ఉండే వేలెడంత ప్లగ్గు గురించి రాస్తున్న. కొంచెం పొడుగయింది, ఓపికగా చదవండి.

గద్వాల దిక్కు సీడ్ పత్తి పెట్టెటోళ్లకు క్రాసింగ్ టైములో మందు ఆగితే ఏమైతదో చెప్పనక్కర్లేదు. కూలోళ్లు చేన్లో ఉండంగ మందు కొట్టరాదు కాబట్టి దొరికే టైమే తక్కువ. పోయినేడు సరిగ్గా అప్పుడే నా పంపు మొరాయించింది. స్టార్ట్ అయితది, రేసు ఇస్తే మిస్ కొట్టి ఆగిపోతది. తాడు గుంజి గుంజి రెక్క పడిపోయింది. ప్లగ్గు పోయిందనుకొని కొత్తది వేసిన. రెండు ట్యాంకులు కొట్టినంక మళ్లా అదే కత. ఇంకోటి వేసిన, అదీ అంతే.

మూడో రోజు ఒక పిల్లగాడు, మెకానిక్ పని చేసెటోడు, వచ్చి "పాత ప్లగ్గులేవి కాకా?" అన్నడు. పారేసిన అన్న. "రోగం చీటీ పారేసి మందు అడుగుతున్నవ్" అని నవ్విండు. పంపులో ఉన్న ప్లగ్గు ఊడదీసి చూపిచ్చిండు. నల్లగ, జిడ్డుజిడ్డుగ ఉంది. నేను ఆయిల్ కొలవకుండ అందాజగ పోస్తున్న. పైగా ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకపోయింది. ఫిల్టర్ కడిగి, ఆయిల్ కొలిచి పోసి, అదే ప్లగ్గు తుడిచి పెట్టినం. సీజనంత నడిచింది. కానీ మూడు రోజుల్లో తామర పురుగు చేనంత పాకింది. ఆ తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు.

అందుకే చెప్తున్న, మిస్ కొట్టగానే ప్లగ్గు మార్చే అలవాటు మనం మానుకోవాలె. "వంద రూపాయల ప్లగ్గుకు ఇంత కత ఎందుకు" అంటరు కొందరు. ప్లగ్గు వందదే, ఆగిన మందు విలువ ఎంత? కారణం అట్లనే ఉంటే కొత్త ప్లగ్గు కూడ రెండు రోజుల్లో పాతదైతది.

ప్లగ్గు కొనను చూస్తే సగం సంగతి తెలుస్తది. లేత గోధుమ రంగు, బూడిద రంగు ఉంటే ఇంజన్ బాగున్నట్టు. నల్లగ పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. చోక్, ఫిల్టర్ చూడండి. నల్లగ జిడ్డుగ ఉంటే ఆయిల్ ఎక్కువైంది. తెల్లగ సున్నం కొట్టినట్టు ఉండి, బుడిపెలు లేస్తే ఇంజన్ విపరీతంగ వేడెక్కుతున్నది. అప్పుడు నడపకండి, పిస్టన్ పోతది. పెట్రోల్‌తో తడిసి ఉంటే స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, నాలుగుసార్లు తాడు గుంజి, తుడిచి పెట్టండి. ప్లగ్గు బాగనే ఉండి మిస్ కొడితే క్యాపు వదులైందా, వైరు చిట్లిందా చూడండి.

ఆయిల్ లెక్క మిషన్ పుస్తకంలోనే ఉంటది. 25కు 1 అంటే లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్లు. 50కి 1 అంటే 20. 4 స్ట్రోకు మిషన్ అయితే పెట్రోల్‌లో ఆయిల్ అసలే కలపొద్దు.

ఇగ ప్లగ్గు కొనుడు. షాపులో "పంపు ప్లగ్గు ఇయ్యి" అని అడగకండి, నంబరు చెప్పి అడగండి. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి అదే కాలిపోతది. మరీ వేడెక్కితే నిప్పు రాకముందే పెట్రోల్ అంటుకుంటది. అందుకే ఇంజన్‌ను బట్టి వేడి ప్లగ్గు, చల్ల ప్లగ్గు అని ఉంటయి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్ల ప్లగ్గు. 7 కన్నా 6 వేడి, 8 చల్లది. బాష్‌లో దీనికి తిరగల, అంకె పెరిగితే వేడి. మర పొడుగు కూడ కలవాలె. పొడుగు ఎక్కువైతే పిస్టన్‌కు తగులుతది.

గ్యాపు చిన్న ఇంజన్లకు ఎక్కువగా 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. కొలిచే పట్టీ లేకపోతే హాక్సా బ్లేడు వీపు అడ్డం పెట్టి చూడండి, అది సుమారు 0.6 ఉంటది. బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పాలె. ఆగినంక కొత్త ప్లగ్గుకు స్పానర్‌తో అర చుట్టు చాలు. బలం చూపిస్తే అల్యూమినియం మరలు పోతయి.

మన పిల్లలకు కూడ ఒక మాట. బండికి ఇరిడియం ప్లగ్గు వేసి పికప్ పెరిగిందని చెప్తరు. ఇరిడియం గట్టి లోహం, కొన సన్నగ ఉండి ఎక్కువ రోజులు వస్తది, నిప్పు తేలికగ పడతది. అంతే. లేని బలం అది తేలేదు. ఇంజన్ కెలికి స్పీడు పెంచినోళ్లకు వేడి పెరుగుతది కాబట్టి చల్ల ప్లగ్గు అక్కెర. మామూలు బండికి అదే వేస్తే మసి పట్టి మిస్ కొడుతది. రేసు బండి ప్లగ్గు మన ఎక్సెల్‌కు గొప్ప కాదు.

ఇంకోటి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాక ఇథనాల్ కలుస్తున్నది. రాజోలి మండలం పెద్ద ధన్వాడ రైతులు ఫ్యాక్టరీ వద్దని కొట్లాడిండ్రే, ఆ ఇథనాలే. అది గాలిలో తేమ గుంజుకుంటది. సీజన్ అయిపోయినంక పంపు మూలకు పెట్టే ముందు ట్యాంకు, కార్బేటరు ఖాళీ చేయండి. వనపర్తి దిక్కు యాసంగి పల్లికి పంపు తీసేటప్పుడు స్టార్ట్ కాకపోతే ముందు పాత పెట్రోల్ పారబోసి చూడండి.

నిప్పు పడుతుందా లేదా చూడాలంటే ట్యాంకుకు, ఒలికిన పెట్రోల్‌కు దూరంగా చూడండి. ప్లగ్గు కాలి ఉన్నప్పుడు ముట్టకండి.

నేనిప్పుడు పంపు డబ్బాలో సరైన నంబరు ప్లగ్గు ఒకటి, స్పానర్, పాత బ్లేడు ముక్క, ఆయిల్ కొలిచే మూత పెట్టుకుంటున్న. నాగర్‌కర్నూల్ దిక్కు పత్తికి మందు మొదలైతున్నది కదా, రేపు పొద్దున పంపు ఎత్తుకునే ముందు ఒకసారి ప్లగ్గు ఊడదీసి చూడండి. ఏ రంగుందో నాక్కూడ చెప్పండి.