మన గగనమున పరశాసనమా?

నల్లకుంటలో ఒక విద్యార్థి అద్దెగదిలోని కంప్యూటరు ఏ దేశపు చట్టమునకు లోబడవలెను? మన చట్టమునకే యని పాఠకులందురు. కాని జరుగుచున్నది వేరు.

2005లో మన ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జుల తరంగములను వైఫైకి లైసెన్సు లేకుండ విడిచినది. అందు 13 చానెళ్లు ఇముడును. అయినను అమెరికా నిబంధనలు లోపల ముద్రింపబడిన వైఫై కార్డు 12, 13 చానెళ్లపై మూగవోవును. లైనక్సులో మన దేశసంకేతమును నమోదు చేసినను, అట్టి కార్డులను నడపు పలు డ్రైవరులు ఉభయ చట్టములును ఒప్పినంత మాత్రమే అనుమతించును. సంకెల బిగించుకొనుటకు మనకు స్వేచ్ఛ కలదు, సడలించుకొనుటకు లేదు!

హద్దులే వలదని మేమనము. రాడారులకు అడ్డుతగులుట తప్పే. కాని ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇచట విక్రయించు యంత్రము ఇచటి చట్టమునే పాటింపవలెను. కొనువారు అమ్మువారిని ఈ మాట నిలదీసి అడుగుదురు గాక!