జింక మేసింది... పిట్టకు తిట్లు!

రోళ్లపాడు రైతుకు బట్టమేక కొత్తేం కాదు. మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు తూగే పక్షి. గడ్డిలో నింపాదిగా నడుస్తూ మిడతల్నీ పురుగుల్నీ ఏరుకు తింటుంది. చేలో నాలుగు గింజలు తిన్నా, అంతకన్నా ఎక్కువ పురుగునే తింటుంది. అలాంటి పిట్టతో ఊరికి పేచీ ఎందుకుంటుంది?

పేచీ 1988 తర్వాత మొదలైంది. అప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఈ ఊరి పక్కన 614 హెక్టార్ల భూమిని ఆ ఏడాది బట్టమేక కోసం అభయారణ్యం చేశారు. పేరుకే అరణ్యం, ఉన్నదంతా గడ్డే! బట్టమేక సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ వట్టి నేలమీద. పశువులు తొక్కకుండా కాపలా కావాల్సిందే. అయితే ఆ కాపలాలో కృష్ణజింకలు కూడా హాయిగా పెరిగాయి. మేతకు పక్క చేలు ఉండనే ఉన్నాయి. మొలకెత్తిన శనగ మీద రాత్రి మంద పడితే తెల్లారేసరికి ఏం మిగులుతుంది! పోనీ కొడదామా అంటే, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు. పైగా అది రాష్ట్ర జంతువాయె. అరిచి తరమడం తప్ప రైతు చేయగలిగింది లేదు.

ఊళ్లో లెక్క సూటిగా ఉంటుంది. పిట్ట కోసం కాపలా, కాపలాలో జింకలు, జింకలకు మా పంట. ఇందులో తప్పు పట్టడం కష్టమే. పల్లె జనానికి వన్యప్రాణుల మీద దయ లేదనే పట్నవాసులు ఒక్క రాత్రి మంచె మీద పడుకుని చూడాలి.

ఈలోగా చుట్టుపక్కల బీళ్లు సాగులోకి వచ్చాయి. పిట్టకు గడ్డి కరువైంది. కొన్నేళ్లుగా రోళ్లపాడులో బట్టమేక కనిపించడమే గగనం. జింకలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

దేశంలో స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు 150 దాకా ఉంటాయని అంచనా. వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే. అక్కడ 2019 నుంచి అడవిలో దొరికిన గుడ్లను పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. ఆ సంతతిని ఎప్పుడైనా రోళ్లపాడు తేవాలనుకుంటే, ముందు కబురు అందాల్సింది శనగ చేల వాళ్లకే. జింక మేసిన పంటకు ఎంత ఇస్తారు, ఎన్నాళ్లకు ఇస్తారు... ఆ రెండు ముక్కలూ అందులో ఉండాలి.