విచారణ నోటీసు తీర్పు కాదు

పేద కుటుంబానికి ప్రభుత్వం మంజూరు చేసే ఇల్లు నాలుగు గోడలు, ఒక కప్పు మాత్రమే కాదు. అది ఊరిలో ఆ కుటుంబానికి ఒక చిరునామా. ఆడపిల్లకు సంబంధం చూసే వేళ చెప్పుకొనే ఒక ఆధారం. వర్షాకాలంలో పిల్లలను పొదువుకొని కూర్చొనే అవసరం తీరిన ఒక నిశ్చింత. అటువంటి ఇంటికి బిల్లు అందిన కొన్నేళ్ళకు, అర్హత లేకుండా సొమ్ము తీసుకున్నారనో, రావలసిన దానికంటే ఎక్కువ తీసుకున్నారనో, తిరిగి కట్టవలసిందనో ఒక నోటీసు వస్తే ఆ కుటుంబం ఏమవుతుంది? మా అనుభవంలో ముందుగా వచ్చేది భయం. ఆ వెంటనే సిగ్గు. ఆ రెంటి ఫలితంగా మౌనం. నోటీసును మడిచి పెట్టెలో దాచిపెట్టి, గడువు దాటిపోయిన తరువాత ఎవరికో చూపించే కుటుంబాలను మేము ఎన్నిటినో చూశాము. నోటీసులోని అంకెకంటే ఆ మౌనమే వారికి ఎక్కువ నష్టం చేస్తున్నది. ఈ మౌనం వీడాలనీ, విచారణను కాగితంతో, తోడుతో ఎదుర్కోవాలనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రజాధనానికి లెక్క అడగడం తప్పని మేము అనము. దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య గడిపిన మాకు లెక్క విలువ తెలుసు. ఒకే కుటుంబం రెండు పేర్లతో రెండు ఇళ్ళు తీసుకుంటే, ఆ రెండవది మరొక నిరుపేద నోటి దగ్గర ముద్ద. దానిని తిరిగి ఇవ్వవలసిందే. ప్రజాధనం అమానత్ అన్న మాట మనకు కొత్త కాదు. అయితే ఆ అమానత్‌కు జవాబుదారీ సొమ్ము పుచ్చుకున్నవారు మాత్రమే కాదు. ఇచ్చినవారు, కొలిచినవారు, సంతకం చేసినవారు కూడా.

గతం చెప్పే పాఠం

ఇటువంటి విచారణలు మన తెలుగు నేలకు కొత్తవి కావు. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం కింద ఉమ్మడి రాష్ట్రంలో లక్షలాది ఇళ్ళు మంజూరయ్యాయి. ఆ ఇంటి సొమ్ములో కొంత రాయితీ, కొంత రుణం. పునాది, లింటెల్, పైకప్పు అంటూ దశలవారీగా బిల్లులు. సిమెంటు బస్తాలు ఇస్తే వాటి ధర బిల్లులో మినహాయింపు. ఇన్ని మెట్లు ఉన్నచోట ఏ మెట్టు దగ్గరైనా లెక్క తప్పవచ్చు. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఈ ఇళ్ళ అక్రమాలపై సీబీసీఐడీ విచారణకు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ జియో ట్యాగింగ్ పేరుతో పాత ఇళ్ళను మళ్ళీ తనిఖీ చేశారు. అక్రమాలు జరగలేదని ఎవరూ అనలేరు. కానీ విచారణ సాగుతున్నంతకాలం, సగంలో ఆగిన గోడల మధ్య బిల్లు కోసం ఎదురుచూసినవారిలో ఏ అక్రమమూ ఎరుగని పేదలే ఎక్కువ.

2021 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ గృహహక్కు పథకం వచ్చింది. 1983 నుంచి 2011 ఆగస్టు 15 వరకు గృహనిర్మాణ సంస్థ రుణంతో ఇల్లు కట్టుకున్నవారు గ్రామాల్లో 10 వేలు, పురపాలక సంఘాల్లో 15 వేలు, నగరపాలక సంస్థల్లో 20 వేల రూపాయలు ఒకేసారి చెల్లిస్తే బాకీ రద్దుచేసి, ఇంటిని రిజిస్టరు చేసి ఇస్తామన్నారు. ఇది స్వచ్ఛందమని ప్రభుత్వం ప్రకటించింది. అయినా కిందిస్థాయిలో ఒత్తిడి చేస్తున్నారన్న ఫిర్యాదులు పత్రికల నిండా వచ్చాయి. స్వచ్ఛందమో నిర్బంధమో కాగితం చదివి తేల్చుకోలేని పేదవాడు, అడిగినవాడి గొంతును బట్టి తేల్చుకుంటాడు. మనం మార్చవలసింది ఈ పరిస్థితినే.

అధిక చెల్లింపు మూడు రకాలు

"ఎక్కువ సొమ్ము ముట్టింది" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. మొదటిది, లబ్ధిదారు తెలిసి తెలిసి అబద్ధం చెప్పి సొమ్ము పొందడం. రెండవది, లబ్ధిదారు నిజమే చెప్పినా కార్యాలయంలో పొరపాటు జరగడం: ఒకరి ఖాతాకు మరొకరి బిల్లు జమ కావడం, కొలతలు తప్పుగా నమోదు కావడం, ఒకే దశకు రెండుసార్లు బిల్లు పడటం. మూడవది, లబ్ధిదారు పేరుమీద మధ్యవర్తి సొమ్ము తినడం. దస్త్రంలో నాలుగు దశల బిల్లులు చెల్లించినట్లు ఉంటుంది. ఇంటావిడ చేతికి వచ్చినవి రెండే. తక్కిన రెంటికీ ఆమె వేలిముద్ర మాత్రం ఉంటుంది. ఖాళీ కాగితంపై ఆ వేలిముద్ర ఎవరు వేయించుకున్నారో ఊరందరికీ తెలుసు, దస్త్రానికి తప్ప.

ఇటీవలి పథకంలోనూ ఈ చిక్కు ఉన్నది. 1.80 లక్షల రూపాయల యూనిట్ ధరతో మొదలైన ఆ ఇళ్ళకు మూడు పద్ధతులు పెట్టారు: ప్రభుత్వం సామగ్రి, కూలి ఇస్తే కట్టుకోవడం ఒకటి, సొంతంగా సామగ్రి కొని బిల్లు పొందడం రెండవది, ప్రభుత్వమే కట్టించి ఇవ్వడం మూడవది. మూడవ పద్ధతిలో లబ్ధిదారు చేతికి సొమ్ము రాదు. గోడ లేచిందో లేదో, బిల్లు ఎంత వెళ్ళిందో ఆమెకు తెలియకపోవచ్చు. అటువంటి ఇంటి లెక్కలో తేడా వస్తే జవాబు చెప్పవలసినది ఎవరు?

ఈ మూడింటినీ వేరు చేయకుండా జరిగే విచారణ న్యాయమైన విచారణ కాదు. చేసింది ఒకరు, మోసేది మరొకరు కారాదు.

మన కుటుంబాలే ఎందుకు చిక్కుకుంటున్నాయి?

పేర్లతోనే మొదలుపెడదాము. ఒకే స్త్రీ రేషన్ కార్డులో మహబూబ్ బీ, ఆధార్‌లో మాబూబీ, బ్యాంకు పుస్తకంలో షేక్ మహబూబీ అవుతుంది. షేక్ ఒకచోట ముందు, మరొకచోట వెనుక. ఉర్దూ పేరును తెలుగులో ఒకరు, ఇంగ్లీషులో మరొకరు తమకు తోచినట్లు రాస్తారు. అదే సమయంలో ఒకే ఊరిలో అదే పేరుగల స్త్రీలు ముగ్గురు నలుగురు ఉంటారు. కంప్యూటరుకు మొదటిది "సరిపోలని పేరు", రెండవది "రెండుసార్లు లబ్ధి". నిజానికి రెండూ కావు.

రొళ్ల వంటి సరిహద్దు మండలంలో మరొక చిక్కు. శిరా, మధుగిరి వైపు వియ్యమందిన కుటుంబాలు మనకు అనేకం. కోడలి ఆధార్ పుట్టింటి చిరునామాతో కర్ణాటకలోనే ఉండిపోతుంది. ఆమె పేరున ఇల్లు మంజూరైతే, వేరే రాష్ట్రపు మనిషికి ఇల్లు ఎలా వచ్చిందని ప్రశ్న వస్తుంది.

వలస మూడవ కారణం. వేరుశనగ పండని ఏడు మన ప్రాంతంలో సగం ఇళ్ళ చూపు బెంగళూరు వైపే. తనిఖీకి వచ్చినవారికి తాళం కనబడుతుంది. "నివాసం లేరు" అని రాసి వెళ్ళిపోతారు. కూలికి పోయినవాడు ఇల్లు వదులుకున్నవాడు కాడు. అప్పు తీర్చి ఆ ఇంటికి రావడానికే అతడు పోయినాడు.

ఇక ఉమ్మడి కుటుంబం. తండ్రికి పాత ఇల్లు ఉన్నదని, అదే రేషన్ కార్డులో ఉన్న పెళ్ళైన కొడుకును అనర్హుడంటారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ మార్గదర్శకాలు కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలని చెబుతున్నాయి. తండ్రి ఇల్లు పెళ్ళైన కొడుకు ఇల్లు కాదు. ఈ ఒక్క వాక్యం తెలియక ఎందరో తలవంచుకొని కూర్చుంటున్నారు.

చట్టం ఏమంటున్నది?

వ్యక్తికి నష్టం కలిగించే ఉత్తర్వు పాలనాపరమైనదే అయినా, అతని వాదన వినకుండా ఇవ్వరాదని 1967లోనే బీనాపాణి దేయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో మేనకా గాంధీ కేసు ఆ సూత్రాన్ని మరింత బలపరిచింది. కాబట్టి నోటీసు అనేది ఆరోపణ. దానికి జవాబు చెప్పుకొనే అవకాశం మన హక్కు. ప్రభుత్వ బాకీలను భూమిశిస్తు బకాయిల మాదిరి వసూలు చేయడానికి 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ఉన్నమాట నిజమే. అయితే ఆ చట్టం కింద కూడా ముందు బాకీ ఎంతో తేలాలి, లిఖితపూర్వకమైన డిమాండు నోటీసు రావాలి. ఆ తరువాతనే జప్తు. ఎవరో వచ్చి "రేపు సామాన్లు బయట పడేస్తాము" అంటే అది చట్టం కాదు, బెదిరింపు.

ప్రభుత్వోద్యోగులకు పొరపాటున అదనపు జీతం ముట్టిన సందర్భంలో సుప్రీంకోర్టు 2014 డిసెంబరు 18న రఫీక్ మసీహ్ కేసులో ఇచ్చిన తీర్పు పింఛనుదారులందరికీ పరిచయమే. మూడవ, నాలుగవ తరగతి ఉద్యోగుల నుంచి, పదవీ విరమణ చేసినవారి నుంచి, అయిదేళ్ళకు పైబడి జరిగిన అధిక చెల్లింపులను వసూలు చేయరాదని ఆ తీర్పు సారాంశం. 2022లో థామస్ డేనియల్ కేసులోనూ, ఉద్యోగి మోసమో తప్పుడు సమాచారమో లేనప్పుడు వసూలు కూడదన్నారు. ఈ తీర్పులు ఉద్యోగుల గురించినవి. ఇంటి లబ్ధిదారులకు నేరుగా వర్తిస్తాయని మేము చెప్పడం లేదు. కానీ మేము అడిగేది ఒకటే: నెలజీతం ఉన్న గుమాస్తాపై చూపవలసిన కనికరం, రోజుకూలీపై చూపకూడదా?

దూరదేశపు హెచ్చరిక

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణకు ప్రభుత్వం ఇచ్చే భత్యంలో మోసాలు జరుగుతున్నాయని పన్నుల శాఖ వేలాది తల్లిదండ్రులపై ముద్ర వేసింది. ఒక సంతకం లేకపోయినా, చిన్న తేడా కనిపించినా, ఏళ్ళ తరబడి ఇచ్చిన మొత్తమంతా తిరిగి కట్టమన్నది. ద్వంద్వ పౌరసత్వం ఉండటమే అనుమానానికి గుర్తుగా వాడారని తరువాత తేలింది. బాధితుల్లో టర్కీ, మొరాకో మూలాలున్న కుటుంబాలు అనేకం. 2020 డిసెంబరులో పార్లమెంటరీ నివేదిక దీనిని కనీవినీ ఎరుగని అన్యాయంగా వర్ణించింది. 2021 జనవరి 15న మార్క్ రుట్టె మంత్రివర్గం రాజీనామా చేసింది. బాధిత తల్లిదండ్రులకు 30 వేల యూరోల చొప్పున పరిహారం ప్రకటించారు. ఆ కుటుంబాలు గెలిచింది మౌనంగా ఉండి కాదు. కాగితాలు దాచి, ఒకరినొకరు వెతుక్కొని కలిసి.

బ్రిటన్‌లో ఇంటి అద్దె భత్యం అధికంగా ముట్టితే, అది అధికారుల పొరపాటు వల్ల జరిగి, ఆ సంగతి తెలుసుకొనే వీలు లబ్ధిదారుకు లేనప్పుడు దానిని వసూలు చేయరాదని నిబంధనల్లోనే ఉన్నది. పైన చెప్పిన రకాల మధ్య భేదాన్ని అక్కడ చట్టమే గుర్తించింది. మన దగ్గర ఆ భేదం అధికారి దయమీద ఆధారపడి ఉన్నది.

నోటీసు వచ్చిన ఇంటికి

మొదట, నోటీసు అందిన తేదీని దానిమీదనే రాసుకోండి. గడువు లోపల జవాబు ఇవ్వండి. సమయం చాలకపోతే గడువు కోరుతూ అయినా ఒక అర్జీ పెట్టండి. జవాబు తెల్లకాగితంపై తెలుగులో రాసినా చెల్లుతుంది. కార్యాలయంలో ఇచ్చి రెండవ ప్రతిపై ముద్ర, సంతకం తీసుకోండి. వారు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

తరువాత, లెక్క అడగండి. సమాచార హక్కు చట్టం కింద ఏ దశకు ఎంత బిల్లు, ఏ తేదీన, ఏ ఖాతాకు వెళ్ళిందో, కొలతల పుస్తకంలో ఎవరు సంతకం చేశారో నకళ్ళు కోరండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో సమాధానం రాకుంటే అప్పీలు చేయవచ్చు. ఆ నకళ్ళను మీ బ్యాంకు పాసుపుస్తకంతో సరిచూస్తే సగం నిజం అక్కడే బయటపడుతుంది.

విచారణాధికారి వాంగ్మూలం రాసుకుంటే, చదివించి విన్న తరువాతనే సంతకం చేయండి, నకలు అడగండి. ఖాళీ కాగితంపై వేలిముద్ర ఎవరికీ వేయకండి, ఎంత దగ్గరివారైనా సరే. పోలీసు విచారణ వేరు. పోలీసులు రాసుకొనే వాంగ్మూలంపై సంతకం పెట్టించరాదని చట్టమే చెబుతున్నది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షను ప్రకారం సాక్షిగా విచారించవలసిన స్త్రీలను, అరవై ఏళ్ళు దాటినవారిని, వికలాంగులను ఇల్లు విడిచి స్టేషనుకు రమ్మని నిర్బంధించరాదు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నది. పెనుకొండ, హిందూపురం కోర్టుల్లోని న్యాయసేవల కమిటీని అడగవచ్చు; 15100కు ఫోను చేయవచ్చు. ఇవేవీ చేయకముందే, భయంతో వడ్డీకి తెచ్చి సొమ్ము కట్టవద్దు. బాకీ నిజమని తేలితే వాయిదాలు కోరుతూ అర్జీ పెట్టండి.

సమాజానికి, సర్కారుకు

నోటీసు వచ్చిన ఇంటివైపు వేలు చూపడం మన వీధుల్లో ఒక దురలవాటు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. కార్యాలయాల్లో నిప్పు లేకుండానే పొగ లేచిన దస్త్రాలను మేము చాలానే చూశాము. ప్రతి మసీదు కమిటీ వారానికొకసారి రెండు గంటలపాటు చదువుకున్న ఇద్దరు యువకులను, ఒక పింఛనుదారును కూర్చోబెట్టి నోటీసులు చదివిపెట్టే ఏర్పాటు చేయాలి. స్త్రీల కోసం చదువుకున్న ఆడపిల్లలు ముందుకు రావాలి. ఆ బల్ల దగ్గరకు ముస్లిమేతర పేదలు వచ్చినా అదే ఆదరంతో చదివిపెట్టాలి. ఈ కష్టానికి మతం లేదు. పేర్ల తేడాలు నోటీసు రాకముందే గ్రామ సచివాలయంలో సరిచేయించే పని కూడా అక్కడే మొదలు కావాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేది నాలుగు మాటలు. ప్రతి నోటీసులో ఆరోపణ ఏమిటో, ఏ దశలో ఎంత అధికంగా చెల్లించారో స్పష్టంగా రాయాలి. లబ్ధిదారు మోసాన్ని, కార్యాలయ పొరపాటును, మధ్యవర్తి దోపిడీని వేరుచేసి తేల్చాలి. తాళం చూసి నివాసం లేదని తేల్చకుండా కనీసం రెండవసారి, పండుగ రోజుల్లో వచ్చి చూడాలి. విచారణ ముగిసేవరకు పింఛను, రేషన్ జోలికి పోరాదు. ఇవి రాయితీలు కావు. న్యాయానికి కనీస మర్యాదలు.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఈ నాలుగు మాటలను అర్జీగా రాసి, ఒక్కరుగా కాక పదిమందిగా వెళ్ళండి. పెట్టెలో దాచిన నోటీసు ఏదైనా ఉంటే, దానిని కూడా ఈ వారమే బయటకు తీయండి.