అడివి ప్రేమకు వడ్డీ ఎవరు కట్టాలి?

అడివిని, అందులోని జీవాలను కాపాడే చదువులకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. వన్యప్రాణి శాస్త్రం, పర్యావరణ పరిరక్షణ, జీవవైవిధ్యం అంటూ ఎమ్మెస్సీలు వచ్చాయి. మన వాడల పిల్లలూ అటు చూస్తున్నారు. చూడాల్సిందే. గొడ్లు కాసినోళ్ళ బిడ్డలకు పిట్టనూ పురుగునూ ఎవడో వచ్చి పరిచయం చెయ్యక్కర్లేదు. కానీ ఈ చదువు గురించి చెప్పేవాళ్ళు "ఇష్టం ఉంటే చాలు, డబ్బు చూసుకోవద్దు" అంటున్నారు. ఇష్టంతో బ్యాంకు కిస్తీ తీరుతుందా? మేం అడిగేది అదే.

లెక్క వేద్దాం. విదేశంలో ఏడాది ఎమ్మెస్సీకి ఫీజూ బతుకు ఖర్చూ కలిపి 20 లక్షలు అప్పు చేశారనుకుందాం. ఏడాదికి నూటికి 11 రూపాయల వడ్డీ, తీర్చటానికి పదేళ్ళు. నెల కిస్తీ సుమారు 27,500 అవుతుంది. పదేళ్ళలో కట్టేది 33 లక్షలు. చదువుతున్నన్నాళ్ళూ, ఆ తర్వాత ఏడాదీ మామూలుగా కిస్తీ అడగరు. వడ్డీ మాత్రం ఆగదు. అది ఈ లెక్కకు అదనం.

ఇక సంపాదన. తిరిగొచ్చి ఇక్కడ పరిశోధనలోకి దిగితే దొరికే మెరుగైన భృతి, నెట్ పాసై తెచ్చుకునే జేఆర్ఎఫ్. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000, ఇంటద్దె భత్యం వేరు. అందులో కిస్తీ పోను మిగిలేది 9,500. దాంతోనే తినాలి, ఇంట్లో అమ్మానాయినలకూ పంపాలి. ఆ భృతి రానోళ్ళకు సంస్థల్లో ప్రాజెక్టు ఉద్యోగాలున్నాయి. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. ఆ ఉద్యోగం రావాలన్నా ముందు "అనుభవం" కావాలంటారు, చాలాచోట్ల జీతం లేకుండా నెలల తరబడి ఫీల్డు పని చేయించుకుంటారు. జీతం లేని పనిని మన ఊళ్ళో వెట్టి అంటారు. అక్కడ ఇంటర్న్‌షిప్పు అంటున్నారు!

ఉన్నోళ్ళ బిడ్డకు ఈ అప్పు ఒక కాగితం. కిస్తీ తప్పితే తండ్రి కడతాడు. మనకు వెనక ఎవరున్నారు? 7.5 లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. ఇల్లో పొలమో చూపించలేనోళ్ళు బ్యాంకు గుమ్మం దిగి వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతారు. ఒకే చదువు, ఒకే ఫీజు. మోసే నడుములు మాత్రం ఒకటి కావు.

అప్పు చదువు మనకు కొత్తదేం కాదు. బాబాసాహెబ్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పుతో కొలంబియాకు పోయాడు. 1917లో ఆ గడువు తీరి, లండన్ చదువు సగంలో ఆపి తిరిగొచ్చాడు. కాలేజీలో పాఠాలు చెప్పి దాచిన జీతం, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, పార్శీ మిత్రుడు నవల్ భతేనా ఇచ్చిన అప్పు, ఇన్ని కలిస్తే గానీ 1920లో మళ్ళీ ఓడెక్కలేకపోయాడు. నూరేళ్ళు దాటాక మన పరిస్థితేంటి? విదేశీ చదువులకు కేంద్రమిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పుకు 2025లో 106 మందిని ఎంపిక చేశారు. జూలైలో 40 మందికే ముందు ఉత్తర్వులిచ్చి, మిగిలిన 66 మందికి నిధులుంటే చూస్తామన్నారు. ఎంపికైనోళ్ళను కూడా గుమ్మం బయట నిలబెట్టటమే కదా ఇది?

అట్లని అడివి చదువు వదిలెయ్యమని మేం అనటం లేదు. అప్పు తక్కువయ్యే దారి పట్టమంటున్నాం. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు ఖరీదైన డిగ్రీ అక్కర్లేదు. ప్రభుత్వ కాలేజీలో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చదివినా రాయొచ్చు. సిద్దిపేట జిల్లా ములుగులో 2016లో పెట్టిన అటవీ కళాశాలలో నాలుగేళ్ళ బీయస్సీ ఫారెస్ట్రీ ఉంది. పీహెచ్‌డీ చెయ్యాలంటే భృతి తెచ్చుకుని చెయ్యండి, అప్పుతో కాదు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, దేశంలో ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే తాకట్టూ హామీదారూ లేకుండా అప్పిస్తారు. అది కూడా అప్పేనని మరిచిపోవద్దు.

ఇంత లెక్క ఎందుకంటే, ఇది ఒక్క ఉద్యోగం సంగతి కాదు. నల్లమలలో అడుగు జాడ చూసి పులి ఎటు పోయిందో చెప్పగలిగిన చెంచులను అటవీశాఖ వాచర్లుగా పెట్టుకుంటుంది. పులి మీద నివేదిక రాసేది మాత్రం పట్టా ఉన్నవాడు. అడివిలో ఎవరుండాలి, ఎవరిని లేపాలి అని తేల్చే బల్ల దగ్గర కూచునేదీ వాడే. అప్పు భయంతో మన పిల్లలూ, గూడేల పిల్లలూ ఆ పట్టా దాకా రాకపోతే, ఆ బల్ల చుట్టూ ఫీజు కట్టగలిగినోళ్ళే మిగులుతారు.

కాబట్టి అడుగుదాం. ఫీల్డు పని చేయించుకునే ప్రతి సంస్థా కనీస వేతనం ఇవ్వాలి. స్కాలర్‌షిప్పుకు ఎంపికైన ప్రతి ఒక్కరికీ డబ్బు అందాలి. చదువు అప్పు కిస్తీ, వచ్చే జీతాన్ని బట్టి ఉండాలి. అవి సాధించేదాకా పిల్లలకు మా మాట ఇది: సంతకం పెట్టే ముందు నెల జీతమెంత, నెల కిస్తీ ఎంత అని రెండంకెలూ పక్కపక్కన రాసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. చదువు రాని అమ్మకు ముందు వినిపించండి. అప్పంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు.