శరీరము మరువని పాఠము

1846లో అట్లాంటిక్ సముద్రమందలి ఫారో దీవులలో తట్టు వ్యాపించి, సుమారు 7,800 మంది జనములో 6,000 మందికి సోకెను. అయినను 1781లో ఆ వ్యాధి వచ్చి తగ్గిన వృద్ధులకు మరల సోకలేదని డెన్మార్కు వైద్యుడు పానుమ్ గుర్తించెను. రక్తమందలి కొన్ని తెల్లకణములు ఒక్కొక్క క్రిమిని ప్రత్యేకముగా పోల్చుకొని, దానికి సరిపడు ప్రతిరక్షకములను పుట్టించును. ఆ కణములలో కొన్ని జ్ఞాపకకణములై నిలిచియుండును. వారిని అరువదియైదేండ్లు కాపాడినది ఆ జ్ఞాపకమే.

“తట్టు ఒకసారి వచ్చిపోవుటే మేలు” అనెడు పెద్దలతో మేము ఏకీభవింపజాలము. తట్టు ప్రాణము తీయగలదు. ఇతర వ్యాధులను గూర్చి శరీరము నేర్చిన జ్ఞాపకమును సయితము చెరుపగలదు. టీకా ఆ పాఠమునే వ్యాధి లేకయే నేర్పును. బెత్తపు దెబ్బ లేక చదువు వచ్చునపుడు దెబ్బలను కోరనేల? తలిదండ్రులారా, తొమ్మిది నెలలు నిండగనే వేయించు టీకాతో ఆగక, 16–24 నెలల నడుమ రెండవ మోతాదును తప్పక వేయింపుడు.